ఎర్రగీత అవతల తొమ్మిది చుక్కలు

ఈ ఉదంతాన్ని రాసి పెట్టవలసి రావడానికి కారణం ఒక ఫైలు. ఒక మనిషి మీద నేను సంతకం చేసి పంపిన ఉత్తరం ఆ ఫైలులో ఉంది. అది తప్పని తేలిన తరువాత నేనే రాసిన రెండవ ఉత్తరమూ ఉంది. కాని రెండవ దానిలో "పునఃపరిశీలన అనంతరం ఫలితాలు ఆమోదయోగ్యమని తేలినది" అన్న ఒక్క వాక్యం తప్ప, తప్పు ఎవరిదో, ఎలా జరిగిందో, ఎవరు పట్టుకున్నారో లేదు. కార్యాలయ భాషలో చేసినవాడు కనిపించకుండానే పని జరిగిపోతుంది. ఆ ఫైలు తిరగేసేవారికి మొదటి ఉత్తరమే బలంగా కనిపిస్తుంది. కాబట్టి పేర్లు పెట్టి, జరిగిన క్రమంలో, ఇక్కడ రాస్తున్నాను.

అది 2001 వేసవి. మదనపల్లెలో మా శాఖ నాణ్యతా నియంత్రణ ప్రయోగశాలకు నేను అధికారిని. ప్రయోగశాల అంటే అద్దె ఇంట్లో రెండు గదులు, ఒక వరండా. మట్టిని ఆరబెట్టే ఓవెన్, జల్లెడలు, తక్కెడలు, ఇనుప అచ్చులు, వీటన్నిటికీ దూరంగా దుమ్ము పడకుండా గుడ్డ కప్పిన ఒక కంప్యూటరు. పరీక్షలు చేసేది సరోజమ్మ. రోజూ కురబలకోట నుంచి బస్సులో వచ్చేది. తల్లిదండ్రులు కూలికి పోయినవారు, ఇంట్లో నెలజీతం తెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. ఆమె తూచిన అంకెను నేను రెండవసారి చూసేవాణ్ణి కాను. ఆమె అన్న మాటను మాత్రం అప్పుడప్పుడు విననట్టు ఉండేవాణ్ణి.

ఆ వేసవిలో పుంగనూరు నుంచి సోమల పోయే దారికి లోపలగా వాననీరు నేలలోకి ఇంకడానికి ఒక ఊటకుంటకు మట్టికట్ట వేస్తున్నారు. కట్టకు దిగువన పొలాలు, ఆ తరువాత ఇళ్ళు. పని స్థలంలో మా తరఫున ఉన్నది మునెప్ప, కుప్పం మనిషి. వర్క్ ఇన్‌స్పెక్టరు. పదమూడేళ్ళుగా దినకూలీ మీదే పనిచేస్తున్నాడు. ఆ సంవత్సరం అటువంటివారిని పర్మనెంటు చేసే జాబితా తయారవుతోంది. అందులో అతని పేరు ఉంది, అధికారుల అభిప్రాయాల కోసం ఫైలు తిరుగుతోంది.

మట్టికట్ట వేయడమంటే మట్టి పోయడం కాదు, మట్టిలోని గాలిని వెళ్ళగొట్టడం. ఒక మట్టి ఎంతవరకు అణుగుతుందో ముందుగా ప్రయోగశాలలో తేలుస్తాం. దానికి ప్రాక్టర్ పరీక్ష అని పేరు. ఇనుప అచ్చులో మట్టిని మూడు పొరలుగా వేసి, పొరకు ఇరవై అయిదు దెబ్బల చొప్పున నిర్ణీతమైన బరువుతో కొడతాం. మట్టి పొడిగా ఉంటే సరిగా అణగదు, తడి ఎక్కువైతే నీరే చోటు ఆక్రమిస్తుంది. రెంటికీ నడుమ ఒక తేమ దగ్గర సాంద్రత గరిష్ఠానికి చేరుతుంది. తేమను అడ్డంగానూ పొడి మట్టి సాంద్రతను నిలువుగానూ తీసుకొని చుక్కలు పెడితే, బోర్లించిన మూకుడు వంటి వంపు వస్తుంది. ఇక కట్ట మీద రోలరు తిరిగిన తరువాత, కోర్ కట్టర్ అనే ఉక్కు గొట్టాన్ని పొరలోకి దిగగొట్టి, లోపలికి వచ్చిన మట్టిని తూచి, తేమ కనుక్కొని, సాంద్రత లెక్కిస్తాం. అది ప్రయోగశాలలో వచ్చిన గరిష్ఠంలో నూటికి తొంభై అయిదు పాళ్ళకు తగ్గకూడదు.

ఈ వంపులను ఇరవై ఏళ్ళపాటు గ్రాఫ్ కాగితం మీద చేత్తో గీశాను. కంప్యూటరు వచ్చినప్పుడు, యాభై ఒకటవ ఏట, బస్టాండు దగ్గర ఒక శిక్షణ కేంద్రంలో చేరి స్ప్రెడ్‌షీటు నేర్చుకున్నాను. అక్కడ చెప్పినవారికి మట్టి తెలియదు, నాకు కంప్యూటరు తెలియదు. అందువల్ల కొన్ని సంగతులు నాకు నేనే కనిపెట్టుకోవలసి వచ్చింది. మొదటిది, ఈ పనికి లైన్ చార్ట్ పనికిరాదు. అందులో తేమ అంకెలు పేర్లలాగా సమదూరంలో కూర్చుంటాయి. పది తరువాత పదమూడు వచ్చినా, పదకొండు వచ్చినా ఒకే ఎడం. స్కాటర్ చార్టులోనే అంకె తన స్థానంలో తాను ఉంటుంది. రెండవది, ఆ చార్టులో హద్దుగీత గీయడానికి ప్రత్యేకమైన బొత్తామేమీ లేదు. గీతను కూడా చుక్కలుగానే చెప్పాలి. అడ్డగీత కావాలంటే ఎనిమిది శాతం తేమ దగ్గర ఒక చుక్క, ఇరవై శాతం దగ్గర అదే ఎత్తులో మరొక చుక్క ఇచ్చి, రెంటినీ కొత్త సిరీస్‌గా చేర్చి, చుక్కల గుర్తులు తీసివేసి, కలిపే గీతను మాత్రం ఉంచాలి. తొంభై అయిదు శాతం గీతను అలా ఆకుపచ్చ రంగులో నిలిపాను.

చుక్కల మీదుగా పోయే వంపు కోసం ట్రెండ్‌లైన్ చేర్చి, రెండవ తరగతి బహుపదిని ఎంచుకున్నాను. దాని సమీకరణాన్ని చార్టు మీదే చూపిస్తుంది, కాని దశాంశ స్థానాలు పెంచనిదే ఆ అంకెలను వాడరాదు. చూపేటప్పుడు కుదించి చూపుతుంది. ఆ సమీకరణాన్ని ఆకుపచ్చ గీత ఎత్తుకు సమానం చేసి సాధిస్తే రెండు విలువలు వస్తాయి. వంపు గీతను ఖండించే రెండు చోట్లు అవే. తేమ ఆ రెంటి మధ్య ఉన్నప్పుడే రోలరు నడపాలని పని స్థలానికి చీటీ పంపేవాణ్ణి. సరోజమ్మ ఆ చార్టును మొదటిసారి చూసి, "మూకుడుకు రెండు పక్కలా చెవులు పెట్టినట్టు ఉండాది సార్," అంది.

మూడవది ఎర్రగీత. జీరో ఎయిర్ వాయిడ్స్ లైన్ అంటారు. మట్టిలో గాలి బొత్తిగా లేకుండా రేణువులూ నీరూ మాత్రమే మిగిలితే ఏ తేమ దగ్గర ఎంత సాంద్రత వస్తుందో అది చెబుతుంది. ఏ రోలరూ మట్టిని ఆ గీత దాటించలేదు. దాన్ని గీయడానికి ఒకే ఒక అంకె కావాలి. అది రేణువుల విశిష్ట గురుత్వం, అనగా అంతే పరిమాణం గల నీటికన్నా రేణువు ఎన్ని రెట్లు బరువో తెలిపే అంకె. మన ఎర్రనేలలకు సాధారణంగా 2.65 తీసుకుంటారు. నేనూ ఒక గడిలో 2.65 అని కొట్టి, మిగిలిన గళ్ళన్నిటినీ దానికి ముడిపెట్టాను. ఆ గీత మీద నాకు గురి ఎక్కువ. గ్రాఫ్ కాగితాల రోజుల్లో దాని సాయంతోనే ఒకసారి దొంగలెక్కలు పట్టుకున్నాను. నీడలో కూర్చుని అంకెలు రాసేవాడికి సాంద్రత పెంచడం తెలుస్తుంది గాని, తేమను దానికి తగినట్టు దించడం తెలియదు. చుక్క గీత దాటిపోతుంది, మనిషి దొరికిపోతాడు.

పని స్థలం రిజిస్టరును కూడా ఆ సంవత్సరమే నేను కొత్తగా రూపొందించాను. పాత రిజిస్టరులో చివర "రిమార్కులు" అనే గడి ఉండేది. అందులో మావాళ్ళు "వాన వచ్చేటట్టు ఉన్నది", "రోలరు డ్రైవరు మేనకోడలి పెళ్ళికి పోయినాడు" వంటివన్నీ రాసేవారు. స్ప్రెడ్‌షీటులోకి ఎక్కేవి అంకెలే కనుక ఆ గడిని తొలగించాను. గడి లేనిది రాయరాదని అందరికీ సర్క్యులర్ పంపాను.

మే నెలలో ఒక ఉదయం మునెప్ప పంపిన రిజిస్టరు కాగితాలు వచ్చాయి. రెండు వారాలవి, పదకొండు పరీక్షలు. నేనే కూర్చుని ఎక్కించాను. చార్టు తెర మీదికి వచ్చింది. పదకొండింటిలో తొమ్మిది చుక్కలు ఎర్రగీతకు అవతల ఉన్నాయి. పద్నాలుగు శాతం తేమ దగ్గర గీత ఘన సెంటీమీటరుకు 1.93 గ్రాములు అంటుంటే మునెప్ప 1.98 రాశాడు. ప్రయోగశాల గరిష్ఠం 1.88. అంటే నూటికి నూట అయిదు పాళ్ళు. రెండు చుక్కలు మాత్రం గీతకు ఇవతల, తొమ్మిది శాతం తేమ దగ్గర, 1.90 దగ్గర బుద్ధిగా కూర్చున్నాయి.

నాకు అనుమానం కలగలేదు. నిశ్చయమే కలిగింది. అప్పటికప్పుడు పై అధికారికి ఉత్తరం రాశాను: "సదరు వర్క్ ఇన్‌స్పెక్టరు నమోదు చేసిన పదకొండు ఫలితాలలో తొమ్మిది భౌతికంగా అసంభవములు. నమోదు సందేహాస్పదము." దానితోపాటు మునెప్పను సంజాయిషీకి రమ్మని కబురు పంపాను.

డిస్పాచ్ రిజిస్టరులో ఉత్తరం నంబరు రాస్తూ సరోజమ్మ ఆగింది.

"సార్, మునెప్పన్నను పిలిచి అడిగినాక పంపితే బాగుంటాదేమో."

"అడగడం తరువాతి మెట్టు సరోజమ్మా. ముందు రిపోర్టు పోవాలి. అది క్రమం."

"మెట్లు మీకు సార్, ముందుదీ ఎనకదీ. పడేటోడు అన్నీ ఒకేసారి పడతాడు."

ఇది నేను విననట్టు ఉన్న మాటలలో ఒకటి. ఉత్తరం ఆ రోజే పోయింది.

మూడవ రోజు మునెప్ప వచ్చాడు. పుంగనూరు బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద ఎర్రమట్టి ఇంకా ఉంది. చేతిలో ఫీల్డు పుస్తకం. కూర్చోమనలేదు నేను. చార్టు ప్రింటు అతని ముందు పెట్టాను.

"ఇదేంది సార్, ఈ ఎర్రగీత?"

"దీన్ని దాటి మట్టి ఉండదు మునెప్పా. ఉండడానికి వీల్లేదు."

అతను కాగితం దగ్గరికి తీసుకొని చూశాడు. "మరి నా చుక్కలు ఆడనే ఉండాయే?"

"అదే నేను నిన్ను అడుగుతున్నాను."

"ఉండాయి కాబట్టి ఉండాయి సార్. నేను తూకం ఏసిందే రాసినా. మీరు గీత గీసినారు, నేను చుక్క పెట్టినా. రెండిట్లో ఏది తప్పో యాడికన్నా పోయి అడుగుదాం పదండి."

నాతో ఆ విధంగా మాట్లాడిన కింది ఉద్యోగి అంతకుముందు లేడు. కోపం వచ్చింది. అయినా కోపంలో సంజాయిషీ రికార్డు చేయకూడదన్న నియమం నాకు ఉంది, అందువల్ల లెక్కల్లోకి పోయాను. పని స్థలంలో తేమ కొలవడానికి ఒక సీసా వంటి పరికరం ఇస్తాం. తడిమట్టిలో కార్బైడ్ పొడి కలిపి ఊపితే, పుట్టిన గాలి ఒత్తిడిని బట్టి అడుగున ఉన్న ముల్లు తేమ చూపుతుంది. ఆ ముల్లు చూపేది తడిమట్టిలో శాతం. మాకు కావలసింది పొడిమట్టిపై శాతం. చాలామంది ఈ మార్పు చేయడం మరిచిపోతారు. అతని ఫీల్డు పుస్తకం తెరిచి చూశాను. ముల్లు 12.3, మార్చిన తరువాత 14.0. సరిగానే ఉంది. పదకొండూ సరిగానే ఉన్నాయి. చేతిరాత తొందరలో రాసినది, ఒకచోట మట్టి వేలిముద్ర కూడా ఉంది.

"ఈ రెండు ఫలితాలు నమ్మదగినవి," అన్నాను, గీతకు ఇవతల ఉన్నవి చూపిస్తూ. "మిగిలిన తొమ్మిదింటి సంగతి చెప్పు."

మునెప్ప నవ్వాడు. ఆ నవ్వు నాకు అప్పుడు నచ్చలేదు.

"సార్, ఆ రెండే నాకు మనసుకు రానివి. ఆ రెండు దినాలూ నీళ్ళ ట్యాంకరు రాలేదు. పొడిమన్ను మీదనే రోలరు తిప్పినారు. నేను అరిస్తే ఎవురింటారు? మీ కాగితంలో పాసయిందని మళ్ళీ నోరెత్తలే. మిగతా తొమ్మిదీ ఉక్కు మాదిరి ఉండాయి. గొట్టం దిగగొట్టేదానికి సుత్తి పట్టుకున్నోడి రెక్కలు పడిపోయినాయి."

ఓవెన్ దగ్గర నిలబడిన సరోజమ్మ, "అన్నా, సారుకు నచ్చినవి నచ్చలేదంటావు, సారుకు నచ్చనివి నచ్చినాయంటావు. సారుకు సంజాయిషీ చెప్తాండావా, సంబంధం చూస్తాండావా?" అంది.

"సంబంధమే తల్లీ. పదమూడేండ్ల సంబంధం తెగేటట్టు ఉండాది," అన్నాడు అతను. జాబితా సంగతి అతనికి తెలుసు. ఉత్తరం పోయిన సంగతి మాత్రం అప్పటికి తెలియదు. నేను చెప్పలేదు.

మరునాడు ఉదయం జీపులో పని స్థలానికి పోయాము. మా ప్రయోగశాల తక్కెడను, ప్రామాణిక తూనికరాళ్ళను, స్టీలు స్కేలును వెంట తీసుకుపోయాను. ముందుగా అతని తక్కెడను మా తూనికరాళ్ళతో సరిచూశాను. తేడా లేదు. కోర్ కట్టర్ లోపలి కొలతలు మూడు చోట్ల తీశాను. సరిగా వెయ్యి ఘన సెంటీమీటర్లు. ఆ తరువాత నేను చూపిన చోట, నా ఎదుట, గొట్టం దిగగొట్టమన్నాను. అతను అన్నట్టే సుత్తి పట్టుకున్న మనిషి రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. మట్టిని సరోజమ్మ తూచింది. రెండు కిలోల రెండు వందల నలభై రెండు గ్రాములు. తేమ 13.8. కాగితం మీద భాగించాను. 1.97. ఆ తేమ దగ్గర నా ఎర్రగీత 1.94 దగ్గర ఆగాలంటోంది.

ఇంకొకసారి భాగించాను. అదే వచ్చింది.

"ఏం సార్, చుక్క యాడ పడింది?" అన్నాడు మునెప్ప.

"గీతకు అవతలే."

"అయితే ఇప్పుడు మీరు కూడా నాతోపాటు ఆడనే ఉండారు."

సరోజమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. ఆమె నవ్వుతున్నదని నాకు తెలుసు.

నేను క్రమాన్ని నమ్మినవాణ్ణి. తక్కెడ సరి, గొట్టం సరి, తేమ సరి, మనిషి సరి. ఇవన్నీ తీసివేస్తే మిగిలేది ఒక్కటే, అది నేను గీసిన గీత. అయినా మనసు ఒప్పుకోలేదు. గీత ఎక్కడ తప్పుతుంది? సూత్రం తప్పడానికి వీల్లేదు. నేను నిలబడి ఆలోచిస్తుండగా పక్కగా కూలి ఆడవాళ్ళు బాండ్లీలతో మట్టి మోసుకుపోతున్నారు. బాండ్లీలు సగానికి కొంచెం పైనే ఉన్నాయి. పని జరగడం లేదేమోనని నాకు విసుగు కలిగి, ఒక నడివయసు ఆమెను ఆపి, నిండుగా ఎందుకు ఎత్తుకోలేదని అడిగాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వు ఎత్తుకో సూద్దాం సామీ. ఈ గుంత మన్ను నిండా పెట్టుకుంటే మెడ ఇరుగుతాది. ఆ గుంత మన్నయితే నిండానే మోస్తిమి గదా."

"ఏ గుంత? ఏమిటి, రెండు గుంతలా?"

మునెప్ప చేయెత్తి చూపించాడు. కట్టకు మట్టి తవ్వే పాత గుంతలో రాతిపొర తగిలిందట. మూడు వారాల క్రితమే కట్టకు తూర్పున నల్లరాళ్ళ గట్టు వారగా కొత్త గుంత తీశారు. నేను అక్కడికి నడిచిపోయాను. పైకి రెండూ ఎర్రమట్టే. కొత్త గుంత గోడలో మాత్రం, కుళ్ళి పొడి అవుతున్న నల్లరాయి ముక్కలు పొరలు పొరలుగా కనిపించాయి. మునెప్ప ఒక గడ్డ తీసి నా చేతిలో పెట్టాడు.

"మా కుప్పంలో నల్లరాయి క్వారీల కాడ మన్ను ఇట్లనే ఉంటాది సార్. మా నాయన ఆ క్వారీలోనే రాయి కొట్టినాడు. చిన్నప్పటినుంచీ తెలుసు నాకు. చిన్న గడ్డే, చేతిలో పెడితే కిందికి లాగుతాది."

లాగింది. నా అంచనాకన్నా బరువుగా ఉంది.

"గుంత మారిందని నాకెందుకు రాయలేదు?" అన్నాను. గొంతు పెంచాననే అనుకుంటాను.

"యాడ రాసేది సార్? పుస్తకంలో గడి లేదే. గడి లేనిది రాయొద్దని మీరే కదా కాగితం పంపించినారు. ఆ కాగితం గోడకు అంటించుకోనుండా, కావాలంటే సూడండి."

చూడవలసిన అవసరం లేదు. అది నా సంతకం ఉన్న సర్క్యులరే.

ఆ మట్టిని సంచిలో మదనపల్లెకు తెచ్చాము. రేణువుల బరువు తేల్చే పరీక్ష ఓపిక కోరుతుంది. చిన్న గాజుసీసాను ఖాళీగా, పొడిమట్టితో, మట్టీ నీటితో, నీటితో మాత్రమే, ఇలా నాలుగుసార్లు తూచాలి. మట్టిలో ఒక్క గాలిబుడగ మిగిలినా ఫలితం చెడుతుంది. సరోజమ్మ రెండు రోజులు తీసుకొని మూడుసార్లు చేసింది. 2.89, 2.91, 2.90. కాగితం నా బల్ల మీద పెట్టి, "సీసా మారలేదు, నేను మారలేదు. ఇంక మీ గడే మారాల సార్," అంది.

కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఒక్క గడిలో 2.65 తీసి 2.90 కొట్టాను. తెర మీద ఎర్రగీత మొత్తం పైకి లేచి, తొమ్మిది చుక్కలనూ దాటి నిలబడింది. పద్నాలుగు శాతం దగ్గర 1.93 ఉన్నది 2.06 అయింది. ఇరవై ఏళ్ళలో నేను ఆ గీతతో మట్టిని పరీక్షించాను, మనుషులను పరీక్షించాను. గీతను ఒక్కసారీ పరీక్షించలేదు.

పని అక్కడితో ముగియలేదు. మట్టి మారితే గరిష్ఠమూ మారుతుంది. కొత్త మట్టికి ప్రాక్టర్ పరీక్ష మళ్ళీ చేశాము. గరిష్ఠం 2.04 వచ్చింది. తొంభై అయిదు శాతం గీతను 1.94 దగ్గరికి ఎత్తాను. కొత్త వంపు ఆ గీతను పది శాతం తేమ దగ్గర ఒకసారి, పదిహేనున్నర దగ్గర ఒకసారి ఖండించింది. తొమ్మిది చుక్కలూ గీతకు పైనే, రెండు ఖండనల మధ్యనే ఉన్నాయి. నేను నమ్మదగినవన్న ఆ రెండూ మాత్రం ఎడమ ఖండనకు అవతల, పొడివైపు, గీతకు కింద పడిపోయాయి. నూటికి తొంభై మూడు పాళ్ళే. మునెప్ప మనసుకు రానివి అవే. పాత చార్టునే నమ్మి ఉంటే గట్టి పొరలను తవ్వించి, మెత్తని పొరలను కట్టలోనే వదిలేసి ఉండేవాణ్ణి. పొడిగా దొర్లించిన పొర నీరు నిండినప్పుడు కుంగుతుంది. కుంగినచోట పగులు వస్తుంది. దిగువన ఇళ్ళున్నాయని మొదటే చెప్పాను.

ఆ రెండు పొరల వరకు తవ్వించి, తడిపించి, మళ్ళీ దొర్లించాము. కాంట్రాక్టరు మేస్త్రి గొడవ చేశాడు. "పాసయిన పొరలు మళ్ళా యాల తవ్వేది సార్?"

నేను నోరు తెరిచేలోగా మునెప్పే జవాబు చెప్పాడు. "అది పాసయింది ఆ మన్ను పరీచ్చలో అప్పా. ఇది యేరే బడి. మళ్ళా రాయాల్సిందే."

ఇక ఉత్తరం సంగతి. రెండవ ఉత్తరం ఆ వారంలోనే రాశాను. మొదట్లో చెప్పిన ఆ ఒక్క వాక్యమే రాశాను. నా తప్పును వివరంగా రాయవలసినచోట కార్యాలయ భాష చాటున నిలబడ్డాను. అది రెండవ తప్పు. మొదటి ఉత్తరం అప్పటికే పర్మనెంటు జాబితా ఫైలులో చేరింది. రెండవది పని ఫైలుకు పోయింది. సంగతి తెలిసి నేనే స్వయంగా చిత్తూరు పోయి, నకలు తీయించి, మొదటి దాని మీద పెట్టించాను. అప్పటికి జాబితా వెలువడింది. మునెప్ప పేరు లేదు. తరువాతి జాబితాకు రెండేళ్ళు పట్టింది. అందులో వచ్చింది.

మొదటి జాబితా వచ్చిన వారం అతణ్ణి ప్రయోగశాలకు పిలిపించి, ఈసారి కూర్చోమని, జరిగినదంతా చెప్పాను. ఉత్తరం పంపింది నేనేనని, అతణ్ణి అడగకముందే పంపానని చెప్పాను. అతను చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"పోనీలే సార్. పదమూడేండ్లు కాసినోడికి ఇంకో రెండేండ్లు ఒక లెక్కా," అన్నాడు. మళ్ళీ తనే తల అడ్డంగా ఊపాడు. "లేదు సార్, ఊరికే అంటాండా. శానా పెద్ద లెక్క. మా ఇంటామెకు మీ పేరు చెప్తే ఇప్పుడు మూతి తిప్పుతాది. నేనేం జేసేది, ఆమెకు మీ ఎర్రగీత కథ చెప్తే అర్థం గాదు. 'గీత తప్పయితే నీ ఉద్యోగం యాల పోవాల?' అంటాది."

"సరిగానే అంటోంది," అన్నాను.

ఆ తరువాత నేను చేసిన మార్పులు ఎక్కువేమీ కావు. రిజిస్టరులో మొదటి గడి గుంత నంబరుది చేశాను. రిమార్కుల గడిని తిరిగి పెట్టాను. పెళ్ళిళ్ళూ వానలూ మళ్ళీ వచ్చాయి, వాటినీ చదివాను. ప్రతి చార్టు మీదా ఎర్రగీత పక్కన, అది ఏ మట్టికి, ఎవరు చేసిన పరీక్షనుబట్టి, ఏ రోజున గీసినదో రాయాలని నియమం పెట్టాను. 2.65 అని ఊరికే కొట్టిన కాగితం మీద ఆ తరువాత నేను సంతకం చేయలేదు. మరుసటి ఏడు కుప్పం వైపు పనులు మా ప్రయోగశాల కిందికి వచ్చినప్పుడు, అక్కడి మట్టికి పరీక్ష చేయించనిదే ఒక్క గీతా గీయనివ్వలేదు. ఆ పనులన్నిటికీ మునెప్పనే ఇన్‌స్పెక్టరుగా అడిగి వేయించుకున్నాను.

ఈ వృత్తిలోకి వస్తున్నవారికి నేను చెప్పగలిగింది ఇది. చుక్క వెనుక ఒక మనిషి ఎండలో వంగి తూచిన పొద్దు ఉంటుంది. గీత వెనుక ఒక్కోసారి ఎప్పుడో చదివిన ఒక అంకె తప్ప ఏమీ ఉండదు. చార్టులో చుక్క చిన్నగా, గీత నిండుగా, రంగుతో కనిపిస్తుంది కనుక మన గురి గీత మీదికి పోతుంది. చుక్క గీత దాటినప్పుడు మొదట గీతనే విచారించాలి. దానికి నోరు లేదు, కుటుంబం లేదు, ఎంతసేపు విచారించినా దానికి నష్టం లేదు. మనిషిని ఆ తరువాత అడగవచ్చు. చాలాసార్లు అడగవలసిన అవసరమే ఉండదు.

జ్ఞాపకం మీద రాసిన అంకెలివి. సాంద్రతలలో రెండవ దశాంశం ఒకటి అటూ ఇటూ కావచ్చు. స్ప్రెడ్‌షీటులో గీతలు చేర్చే పద్ధతికి ఇప్పుడు ఇంతకన్నా తేలిక మార్గాలు వచ్చి ఉండవచ్చు. మట్టి పరీక్షలు తెలిసినవారు, ఆ కట్ట మీద పనిచేసినవారు, నేను రాసినదానిలో పొరపాటు ఏది కనిపించినా దయచేసి తెలియజేయండి. చిన్నదే కదా అని ఊరుకోవద్దు, ఆలస్యమూ చేయవద్దు. నా తప్పు దిద్దుకోవడంలో జరిగిన జాప్యం ఒకసారి మరొకరి సర్వీసులోంచి రెండేళ్ళు తీసుకుంది.